కుడికి తిప్పిన చెయ్యి

ఐదింటికల్లా సిస్టర్ హైమావతి చేత తప్పు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించి తీరతానని సూర్యారావు పంతం పట్టాడు. నేను ఇస్నాపూర్‌లో ఆటో దిగి నర్సింగ్ హోమ్ మెట్లెక్కేసరికి మూడూ ముప్పై. నాకు మిగిలింది గంటన్నర. పద్నాలుగేళ్ళు ఫ్యాక్టరీలో గేజీలకూ మీటర్లకూ వైద్యం చేసి, మేనేజరుతో పడక బయటికొచ్చి, డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నవాణ్ణి నేను. భీమశంకరం అంటే ఈ చుట్టుపక్కల కొందరికి మర్యాద, ఎక్కువమందికి మంట. మంట పుట్టించడానికైతే నాకు పావుగంట చాలు.

మెట్ల మీదే కౌసల్య ఎదురైంది. నన్ను పిలిపించింది ఆమే. ఆమె భర్త చిన్నరాములుది చిట్కుల్. మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ ఆపరేటర్. పన్నెండు రోజుల కిందట ఆ రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయి. లోపల వేడెక్కి గ్యాస్ తన్నుకొచ్చింది. తోటివాళ్ళందర్నీ బయటికి తరిమి, ఆఖరున తాను వచ్చాడు చిన్నరాములు. అప్పటికే ఆ గ్యాస్ అతని ఊపిరితిత్తుల్ని కాల్చేసింది. నీళ్ళు చూసుకోకపోవడం అతని తప్పేనని కంపెనీ వాదన. నీళ్ళ వాల్వు కట్టేసిన మనిషిని కళ్ళారా చూశానని అతను అంబులెన్సులో రొప్పుతూ భార్యకు చెప్పాడు. పేరు చెప్పేలోపు మాట పడిపోయింది. ఆనాటి నుంచి మెషిన్ ఊపిరే అతని ఊపిరి.

నిన్న మధ్యాహ్నం రెండూ యాభైకి ఆ మెషినే అతని ఎడమ ఊపిరితిత్తికి చిల్లు పెట్టింది. నర్సు హైమావతి నిర్లక్ష్యం అని కంపెనీ తరఫున సూర్యారావు తేల్చేశాడు.

"ఆ సిస్టరమ్మ గట్ల జేసేది గాదు సార్," అంది కౌసల్య. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "పన్నెండు దినాలసంది సూస్తున్న. ఆమెను పట్కపోతె ఇగ ఈయన్ని ఎవలు సూస్తరు? రేపు మత్తు తగ్గిస్తమన్నరు. లేస్తె పేరు జెప్తడు. లేవకుంట జెయ్యాలని ఎవనికో ఉన్నది."

"ఎవరికి?"

"గది చెప్పెటందుకే గద మిమ్ముల పిలిచిన."

ఒప్పుకున్నాను. ఆమె అడిగినదాంట్లో తప్పులేదు.

ఐసీయూ అంటే మూడు మంచాల గది. చెప్పులు విడిచి లోపలికి పోయాను. కిటికీ పక్క మంచం మీద చిన్నరాములు ఉన్నాడు. నోట్లో ఒక గొట్టం, పక్కటెముకల మధ్య నుంచి ఇంకో గొట్టం. తలాపున కౌసల్య అన్న మల్లయ్య తువ్వాలుతో బావ నుదురు తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు జరిపాడు. డాక్టర్ రామలింగేశ్వరరావు మెషిన్ పక్కన నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని ముఖం.

"గాలిని ఎంత బలంగా లోపలికి తొయ్యాలో ఈ నాబ్ నిర్ణయిస్తుందండీ," అన్నాడు డాక్టర్. "ఇతనికి ఇరవై నాలుగు పెట్టాను. ఇరవై నాలుగు సెంటీమీటర్ల నీళ్ళు."

నా సర్వీసులో నేను చూసిన ప్రెషర్లన్నీ కిలోల లెక్క. బాయిలర్ పది కిలోలన్నా ఎవరూ తల తిప్పి చూడరు. ఇక్కడ ఒక మనిషి ప్రాణం పిల్లల స్కూలు స్కేలు కంటే పొట్టిగా ఉండే నీటి ఎత్తు మీద నడుస్తోంది. నాకు భయం వేసింది. ఉన్నమాటే చెబుతున్నాను.

"తగ్గిస్తే ఏమైతది?"

"గాలి చాలదు. పది నిమిషాలు, మహా అయితే పదిహేను. చప్పుడు లేకుండా పోతాడు."

"పెంచితే?"

"కాలిన ఊపిరితిత్తులు నానిన అట్టపెట్టెలా ఉంటాయి. చిరుగుతాయి. నిన్న జరిగింది అదే. బయటపడ్డ గాలి ఛాతీలో చేరి గుండెను పక్కకి నెట్టేసింది. బీపీ పడిపోయింది. సిస్టర్ కేక విని పరిగెత్తుకొచ్చి సూదితో గాలి తీశాను. ఆ తర్వాత ఈ గొట్టం వేశాను."

"మీరు వచ్చినప్పుడు నాబ్ ఎంత మీద ఉంది?"

"అరవై. అదే ఆఖరు అంకె. పైగా బిగుసుకుపోయింది. వెనక్కి తిప్పడానికి రెండు చేతులూ వాడాల్సి వచ్చింది."

నేను ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను. నర్సు కొంగు తగిలి పొరపాటున తిరిగిన నాబ్ అయితే ముప్పై దగ్గరో నలభై దగ్గరో ఆగుతుంది. చివరిదాకా పోయి బిగుసుకోదు.

"ప్రెషర్ ఈ ముప్పై ఐదు గీత దాటితే అలారం కూయాలి కదా?"

"కూయాలి. కూయలేదు."

వంగి చూశాను. నాబ్ కింద ఎర్రటి బటన్ ఉంది. నొక్కి పట్టుకున్నంతసేపూ అలారం నోరు మూసుకుంటుందని డాక్టర్ చెప్పాడు. బటన్ అంచున కొత్త గీత కనిపించింది. గీతలో సన్నటి చెక్క పీచు ఇరుక్కుని ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద వెతికితే చక్రం పక్కన దొరికింది, తల తుంచేసి రెండుగా మడిచిన అగ్గిపుల్ల.

నాకు చెవులు వేడెక్కాయి. ఈ పుల్ల నాకు బాగా తెలుసు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో ఏ కంట్రోల్ రూమ్‌కి పోయినా హూటర్ ఆపే బటన్ సందులో ఇలాంటి పుల్ల ఒకటి దిగ్గొట్టి ఉంటుంది. షిఫ్టంతా హూటర్ కూస్తుంటే తల పగిలిపోతుంది, పని జరగదు. అందుకని పుల్ల పెట్టి బటన్‌ని నొక్కి ఉంచుతారు. గేజీని కంటితో చూసుకుంటే చాల్లే అనుకుంటారు. కొత్త ఆపరేటర్లకు ఈ విద్య నేర్పిన గురువుల్లో నేనూ ఒకణ్ణి. పుల్లను జేబులో వేసుకుంటుంటే మొదటిసారి నా పాత ఉద్యోగం మీద నాకే అసహ్యం కలిగింది.

మూడూ యాభైకి హైమావతిని కలిశాను, బట్టలు మడతపెట్టే గదిలో కూర్చోబెట్టారు ఆమెను. పాలకొల్లు నుంచి వచ్చి పటాన్‌చెరులో కాపురం పెట్టిన మనిషి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అడిగినదానికల్లా టైములతో జవాబు చెప్పింది.

"రెండింటికి చార్టు రాశానండీ. ఇరవై నాలుగు. రెండుంబావుకి వాళ్ళ ఫ్యాక్టరీ అంజయ్యగారు చూడ్డానికొచ్చారు. నేను పక్క పేషెంట్‌కి సెలైన్ మారుస్తున్నాను. ఐదు నిమిషాలుండి, డాక్టర్‌గారిచ్చిన రక్తం సీసా పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళారు. రెండున్నరకి కరెంటు పోయింది. రోజూ పోయేదే. జనరేటర్ అందుకునేదాకా మెషిన్ గొట్టం తీసి, రబ్బరు బ్యాగ్ తగిలించి చేత్తో ఊపిరి కొట్టాను."

"గొట్టం తీసినప్పుడు అలారం కూయాలి గదా?"

ఆమె తల దించుకుంది. "కూయాలి. కరెంటు లేదు కదా, అందుకే కూయలేదనుకున్నాను. దానికి బ్యాటరీ ఉంటుంది. నాకు తెలుసు. తట్టలేదు. అది నా తప్పే."

ఒప్పుకోనక్కర్లేని తప్పు ఒప్పుకుంది. అబద్ధాలాడే మనిషి ఆ పని చెయ్యదు. నేను ఆ క్షణం నుంచి ఆమె పక్షం.

"తర్వాత?"

"రెండూ ముప్పై ఆరుకి కరెంటొచ్చింది. మళ్ళీ మెషిన్‌కి తగిలించాం. డాక్టర్‌గారే నాబ్ చూశారు. ఇరవై నాలుగే. చార్టు మీద ఆయన సంతకం కూడా ఉంది. రెండూ ముప్పై ఎనిమిదికి నాకు ఫోనొచ్చిందని కిందికి పిలిచారు. మా బాబు స్కూల్లో మెట్ల మీంచి పడ్డాడని ఎవరో చెప్పి పెట్టేశారట. కాళ్ళూ చేతులూ ఆడలేదు. స్కూలుకి ఫోన్ చేస్తే వాడు క్లాసులోనే ఉన్నాడన్నారు. పైకొచ్చేసరికి రెండూ యాభై. ఇతని ఛాతీ ఒక పక్క అసలు కదలట్లేదు."

"మీరు కిందికి పోయినప్పుడు కాపలాకు ఎవరిని పెట్టిన్రు?"

"ఆయా సోమమ్మని గుమ్మం దగ్గర కూర్చోమన్నాను."

రెండూ ముప్పై ఎనిమిది నుంచి రెండూ యాభై దాకా. పన్నెండు నిమిషాలు. సోమమ్మను పిలిచాను. అరవై దాటిన మనిషి. నన్ను చూసి కొంగు నిండా కప్పుకుంది.

"ఆ టైంల లోపలికి ఎవరొచ్చిన్రు సోమమ్మా?"

"ఎవ్వలు రాలే సారూ. గల్మల్నే కూసున్న. నన్ను దాటుకుంట ఈగ గూడ పోలే."

"ఖాయమేనా?"

"పోశమ్మ తోడు. ఎవ్వలు రాలే."

అప్పుడే సూర్యారావు వచ్చాడు. కంపెనీ విజిలెన్స్ ఆఫీసర్. గంజిపెట్టిన సఫారీ, చేతిలో టైపు చేసిన కాగితం. అతనికీ నాకూ ఆరేళ్ళ వైరం. నన్ను ఇదే ఫ్యాక్టరీ గేటు దాటించిన రిపోర్టు రాసింది అతనే.

"ఎవరూ రాలేదని మీ సాక్షే చెబుతోంది కదండీ భీమశంకరంగారూ! మరి నాబ్ దానంతటదే తిరిగిందా? గేజీలకి నూనె రాసుకునేవారికి ఆసుపత్రి గొడవలెందుకు చెప్పండి."

"గేజీ అబద్ధం చెప్తె పట్టుకునుడే నా పని సూర్యారావుగారూ. మనుషులకు గూడ అదే పనికొస్తది."

"ఐదింటికి ఈవిడ సంతకం పెడుతుంది. ఐదుంబావుకి పోలీసులొస్తారు. మీకు ఇంకా నలభై ఐదు నిమిషాలుంది. కాఫీ తాగుతారా?"

"తాగుత. నీ జేబుల నుంచే."

అతను నవ్వాడు. మనిషి నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మనిషైతే మరీను.

నాలుగూ ఇరవైకి అంజయ్య దొరికాడు. చిన్నరాములుతో పదేళ్ళుగా ఒకే షిఫ్టులో పనిచేస్తున్నవాడు. నేను ఒక్క ముక్క మాట్లాడకుండా అరచెయ్యి తెరిచి పుల్ల చూపించాను. అతని ముఖం పాలిపోయింది.

"నేనే పెట్టిన సార్," అన్నాడు. "వాడు దగ్గినప్పుడల్ల ఆ మెషిన్ కూస్తుండె. కూసినప్పుడల్ల వాడు ఉలిక్కిపడుతుండె. మత్తుల గూడ కనుగుడ్లు తిరుగుతుండె. నాకు పానం ఒప్పలె. మన దగ్గర పెట్టినట్టే పెట్టిన. జెర నిద్ర పోతడనుకున్న. గంతే సార్."

"దానికోసమే పెట్టినవా?"

"నా బిడ్డల మీద ఒట్టు. నాబ్ ముట్టలె. ఆ ప్రెషరేందో నాకు తెల్వనే తెల్వది." గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. "వాన్ని నేనే సంపినట్టాయె గద సార్. ఆ కూత ఉంటె సిస్టరమ్మకు ఇనపడేది."

నేనేం ఓదార్చను? ఆ పుల్ల పెట్టడం అతనికి నేర్పింది నేను. ఆ మాట చెప్పాను కూడా. అతను వినిపించుకున్నట్టు లేడు.

సూర్యారావుకు మాత్రం పండగైపోయింది. "ఇంకేం! ఒకడు అలారం కట్టాడు, ఒకావిడ నాబ్ తిప్పింది. రెండు సంతకాలు. ఇంకో కాగితం టైపు చేయిస్తాను."

"అంజయ్య జేబుల నిన్నటి ల్యాబ్ చిట్టీ ఉన్నది, చూడు. పటాన్‌చెరులో రక్తం సీసా అప్పగించిన టైము వాళ్ళే రాసిన్రు. రెండూ నలభై. అదే టైంకి ఇక్కడ నాబ్ ఎట్ల తిప్పుతడు?"

అతను చిట్టీ తిప్పి తిప్పి చూశాడు. తిరిగి ఇచ్చేటప్పుడు నవ్వలేదు.

నన్ను ఒక్కటే ప్రశ్న తినేస్తోంది. చంపదలచినవాడు నాబ్‌ని అరవైకి ఎందుకు తిప్పాడు? తగ్గిస్తే చప్పుడు లేకుండా పోతాడని డాక్టరే అన్నాడు. పుల్ల ఉంది కాబట్టి అలారం కూడా కూయదు. జబ్బుతో పోయాడని రాసుకునేవాళ్ళు. పెంచడం వల్లే కదా రభస అయింది, డాక్టర్ పరిగెత్తుకొచ్చాడు, మనిషి బతికాడు! తెలివైనవాడు చేసే పని కాదు. తెలివితక్కువవాడు చేసేదీ కాదు. గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతూ మూడు సిగరెట్లు తగలేశాను. నాలుగోది వెలిగించబోతూ ఆగిపోయాను. ఐసీయూ బయట వరండాలో పాత వెంటిలేటర్ ఒకటి దుమ్ముకొట్టుకుని ఉంది. చెడిపోయి మూలన పడేశారు. అదే రకం, అదే నాబ్.

నాలుగూ నలభై ఐదుకి అందర్నీ వరండాలోకి పిలిచాను. డాక్టర్, హైమావతి, ఆమె బదులు డ్యూటీలో ఉన్న నర్సు, కౌసల్య, అంజయ్య, సోమమ్మ, సూర్యారావు. లోపల పేషెంట్ దగ్గర మల్లయ్య ఉన్నాడు కదా, పర్వాలేదని నేనే అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

"ఒక్క పని చెయ్యండి. ఇందులో గాలి తగ్గించాలె. ఆలోచించకుండ తిప్పండి."

డాక్టర్ ఎడమకి తిప్పాడు. హైమావతి, డ్యూటీ నర్సు కూడా ఎడమకే. కౌసల్య ఒక క్షణం నాబ్ చుట్టూ ఉన్న అంకెలు చూసి, ఇంట్లో రేడియో గొంతు తగ్గించినట్టు ఎడమకి తిప్పింది. సూర్యారావు పెదవి విరిచి, చూపుడు వేలితో ఎడమకి నెట్టాడు.

అంజయ్య నాబ్‌ని గుప్పిట్లో పట్టుకున్నాడు. అంకెల వైపు చూడనే లేదు. కుడికి తిప్పాడు. చివరిదాకా తిప్పి, అది ఆగాక మణికట్టుతో ఇంకొంచెం బిగించాడు. నాబ్ కిర్రుమంది.

"ఏందిది అంజయ్యా? పెంచినవ్."

"తగ్గియ్యమంటిరి గద సార్. కట్టేసిన." తన చేతి వంక తానే వింతగా చూసుకున్నాడు. "వాల్వంటె కుడికే గద కడ్తం."

"అదే!" నాకు కేక ఆగలేదు. "నిన్న ఆ చెయ్యి పెంచడానికి రాలేదు. గాలి కట్టెయ్యడానికి వచ్చింది. అంకెల నాబ్ చూస్తే మనకు రేడియో గుర్తొస్తది. ఏండ్ల తరబడి వాల్వులు తిప్పిన చేతికి ఏది చూసినా వాల్వే. అందుకే కుడికి తిప్పిండు. వాల్వు కారకుండ బిగించినట్టు బిగించిండు. ఈ మెషిన్‌కి కుడికి తిప్పితే గాలి పెరుగుతది, ఎడమకి తిప్పితేనే తగ్గుతదని వాడికి తెల్వదు. ఎడమకి తిప్పి ఉంటే చిన్నరాములు నిన్ననే పోయేవాడు. నర్సు చెయ్యి గాదిది సూర్యారావుగారూ. చింపెయ్యండి ఆ కాగితం!"

వరండా మారుమోగింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

"అంజయ్య గాదు. మరి వాల్వుల పనోడు ఇంకెవడు వచ్చిండు ఇక్కడికి? సోమమ్మ ఎవ్వలు రాలేదంటది."

కౌసల్య మెల్లగా అంది. "వాల్వుల పనంటె మా అన్నది గూడ గదే సార్. ఫ్యాక్టరీల నీళ్ళ లైన్ల మీదనే గద ఆయన డ్యూటీ."

నేను సోమమ్మ వైపు తిరిగాను.

"నిన్న ఆ టైంల మల్లయ్య యాడున్నడు?"

"లోపట్నే ఉండె సారూ, బావ కాళ్ళు ఒత్తుకుంట."

"ఎవ్వలు రాలేదన్నవ్ గదా!"

"వచ్చుడేంది సారూ?" ముసలామె నా ప్రశ్నకే విస్తుపోయింది. "ఆయన ఇంటి మనిషాయె."

ఐసీయూ తలుపుకు అద్దం ఉంది. నేను కేకలేస్తున్నప్పుడు ఆ అద్దం వెనక మల్లయ్య నిలబడి వింటున్నాడు. నేను చూశాను. చూసి, పట్టించుకోలేదు. ఇప్పుడు అద్దం వెనక ఎవరూ లేరు.

తలుపును భుజంతో తోసుకుని పరిగెత్తాను. మెషిన్ ఆడుతూనే ఉంది, చిన్నరాములు ఛాతీ మాత్రం లేవడం లేదు. నాబ్ ఎడమ కొసకు తిరిగి ఉంది. ఎర్ర బటన్ సందులో కొత్త పుల్ల. పెదవులు నల్లబడుతున్నాయి. మల్లయ్య తలాపున నిలబడి, బావ నుదుటి మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"ఎడమకని మీరే గద జెప్పిన్రు సార్," అన్నాడు.

నన్ను నెట్టుకుంటూ హైమావతి దూసుకొచ్చింది. డ్యూటీ నుంచి తీసేసిన మనిషి ఎవరి అనుమతీ అడగలేదు. గొట్టం ఊడదీసి, రబ్బరు బ్యాగ్ తగిలించి ఒత్తడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు." ఛాతీ లేచింది. "ఒకటి, రెండు, మూడు." మళ్ళీ లేచింది. డాక్టర్ నాడి మీద వేలు పెట్టి, చాలాసేపటికి తలూపాడు. అంజయ్య మల్లయ్య రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. మల్లయ్య విడిపించుకోలేదు.

కౌసల్య భర్త దగ్గరికి పోలేదు. అన్న ఎదుట నిలబడింది.

"అన్నా, నీళ్ళు కట్టింది నువ్వేనా?"

"కట్టమన్నరు, కట్టిన. మరమ్మతున్నది, అర్ధగంటనే అన్నరు. గ్యాస్ వస్తదని నాకు తెల్వది చెల్లె. తెలిస్తె కడ్తనా?" అంజయ్య పట్టులోంచే చెల్లెలి వైపు వంగాడు. "బావ సూసిండు. లేస్తె నన్ను జైల్ల ఏస్తరని జెప్పిన్రు. నాకు ముగ్గురు పిల్లలు. సిస్టరమ్మను కిందికి పిలుసుడు మేం సూసుకుంటమన్నరు."

"ఎవలన్నరు?"

మల్లయ్య కళ్ళు నా భుజం మీదుగా గుమ్మం వైపు పోయాయి. గుమ్మంలో సూర్యారావు ఉన్నాడు.

"చెప్పు మల్లయ్యా," అన్నాడు సూర్యారావు. గొంతులో తేనె కారుతోంది. "పోలీసులొస్తున్నారు. వాళ్ళకే చెప్పు. కాకపోతే మీ ఆవిడా పిల్లలూ కంపెనీ క్వార్టర్లోనే ఉన్నారన్నది కూడా ఒకసారి గుర్తు తెచ్చుకుని చెప్పు."

మల్లయ్య నోరు మూసుకున్నాడు. ఇక తెరవలేదు.

సూర్యారావు టైపు కాగితాన్ని మడిచి జేబులో పెట్టి, ఇంకో కాగితం తీశాడు. డాక్టర్ ముందు పరిచాడు. "ఈ వెంటిలేటర్ మా కంపెనీ ఈ ఆసుపత్రికి వాడుకోమని ఇచ్చినదండీ. లోపం కనిపిస్తే వెనక్కి తీసుకెళ్ళే హక్కు మాదే. రెండు రోజుల్లో రెండు ప్రమాదాలు. ఇంక దీన్ని ఇక్కడుంచితే మా మీదికొస్తుంది. వ్యాన్ కిందే ఉంది."

"మనిషి చచ్చిపోతాడయ్యా!" డాక్టర్ అరిచాడు. "ఉన్నది ఇదొక్కటే. ఇతన్ని ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతాడు. సిటీ నుంచి ఇంకోటి తెప్పించాలంటే రేపు పొద్దున ఎనిమిదవుతుంది."

"మీ ఓనర్‌గారితో మాట్లాడాను. సరేనన్నారు. కావాలంటే ఫోన్ చేసుకోండి."

డాక్టర్ ఫోన్ చేశాడు. రిసీవర్ పెట్టేశాక మా ఎవరి ముఖమూ చూడలేదు. నేను సూర్యారావు కాలర్ పట్టుకున్నాను. అతని వెంట వచ్చిన ఇద్దరు కంపెనీ గార్డులు నన్ను విడదీశారు. ఐదుంబావుకి పోలీసులు మల్లయ్యను తీసుకెళ్ళారు. ఐదున్నరకి వెంటిలేటర్ వ్యాన్ ఎక్కింది.

హైమావతి బ్యాగ్ ఒత్తడం ఆపలేదు. నలభై నిమిషాలు దాటింది. మణికట్టు వాచింది. "అక్కా, నాకు నేర్పు," అని కౌసల్య పక్కన నిలబడింది. "ఎంత గట్టిగ ఒత్తాలె?"

"గట్టిగా ఒత్తితే మళ్ళీ చిరుగుతుందమ్మా. మెత్తగా ఒత్తితే చాలదు. నా చెయ్యి మీద చెయ్యి వెయ్యి. ఇంత. ఇంతే."

పద్నాలుగు గంటలు ఇద్దరి చేతుల వల్ల కాదు. ఆ సంగతి అంజయ్యే మొదట అన్నాడు. కిందికి ఉరికాడు. ఆరింటికల్లా ఇస్నాపూర్ కిరాయి గదుల నుంచి, చిట్కుల్ నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఎవరూ పిలిపించుకోలేదు, విని వచ్చారు. కొందరు డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. అంజయ్య ఫ్యాక్టరీలో రాసుకున్నట్టే గోడ మీద షిఫ్టులు రాశాడు. మనిషికి ఇరవై నిమిషాలు. హైమావతి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఎంత ఒత్తాలో చూపిస్తోంది. వాళ్ళు గుడిలో నిలబడ్డట్టు వరసలో నిలబడి నేర్చుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కళ్ళు తుడుచుకుని వరస లెక్కపెట్టాను. ఇరవై మంది. ఇరవై మందీ సూర్యారావు కంపెనీలో పనిచేసేవాళ్ళే. అందరికీ పెళ్ళాం పిల్లలున్నారు, సగంమంది కంపెనీ క్వార్టర్లలోనే ఉంటారు. ఇప్పుడు ఆ బ్యాగ్‌కి నాబ్ లేదు, అంకె లేదు, అలారం లేదు. ఎంత ప్రెషర్ అన్నది ఒత్తే చేతికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. వాళ్ళ ముఖాలు చూడడం మానేసి చేతులు చూడడం మొదలుపెట్టాను.